అరచేతిలో అణువు
రసాయన శాస్త్రాన్ని చూపించి నేర్పే యాప్‌లు: దాతలకు ఒక పాఠం



ఈ సంచిక కోసం విద్య గురించి నాలుగు మాటలు రాయమని పెద్దలు అడిగారు. నేను వృత్తిరీత్యా సైన్సు మాస్టారిని. ఉపన్యాసం రాయడం నాకు చేతకాదు. కాబట్టి ఒక పాఠమే చెబుతాను. పాఠం పిల్లలది, విద్యార్థులు మాత్రం ఈసారి మీరు.

కారణం ఉంది. నంద్యాలలోనూ, ఆళ్లగడ్డలోనూ సాయంత్రపు ట్యూషన్ కేంద్రాలకు సాయం చేసేవారు ఈ మధ్య ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "మాస్టారూ, ఇప్పుడన్నీ యాప్‌లే కదా. కెమిస్ట్రీ కూడా ఫోన్‌లోనే వస్తుందంట. పిల్లలకు తలా ఒక ట్యాబు కొనిస్తే సరిపోదా?" ఈ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. ఆ యాప్‌లు ఏమి నేర్పగలవో, ఏమి నేర్పలేవో మీరే చూడాలి. చూశాక ఎక్కడ రూపాయి పెట్టాలో మీకే తెలుస్తుంది.

కంఠస్థం వచ్చు, కంటికి కనబడదు

పదో తరగతి పిల్లను లేపి నీటి సూత్రం అడగండి. "హెచ్ టూ ఓ" అని ఠక్కున చెబుతుంది. "అంటే ఏమిటమ్మా?" అంటే "రెండు హైడ్రోజన్, ఒక ఆక్సిజన్ సార్" అంటుంది. "మరి ఆ మూడూ ఎలా కూర్చున్నాయో బోర్డు మీద గీయి" అంటే చాలామంది మూడు సున్నాలు వరసగా గీస్తారు, రైలు పెట్టెల్లాగా. తప్పు వాళ్లది కాదు. అణువును వాళ్లెప్పుడూ చూడలేదు. పుస్తకంలో సూత్రం ఉంటుంది, బొమ్మ ఉన్నా అది కాగితం మీద చదునుగా ఉంటుంది. తిప్పి చూడటానికి వీలులేదు.

చాలా చిన్నదాన్ని కంటితో చూడలేం. కాబట్టి రసాయన శాస్త్రంలో సగం కష్టం ఊహలోనే ఉంది. ఊహ అందిన పిల్లలు ముందుకు పోతారు. అందనివాళ్లు బట్టీ పడతారు. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకోవాల్సిన చోట "నాకు సైన్సు రాదు" అని పక్కకు తప్పుకుంటారు. ఆ తప్పుకునేవాళ్లలో మన ఇళ్ల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు ఉండకూడదన్నదే నా బాధ.

మొదటి పాఠం: నీటి అణువు

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం (బౌల్డర్)లో 2002లో "ఫెట్" అనే పథకం మొదలైంది. దాన్ని స్థాపించిన కార్ల్ వీమన్ అంతకు ముందు సంవత్సరమే, అంటే 2001లో, భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త. అంతటి మనిషి పిల్లల కోసం కంప్యూటర్ బొమ్మలు తయారు చేయించడానికి పూనుకున్నాడు. వీటిని సిమ్యులేషన్లు అంటారు. భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలన్నిటిలోనూ ఉన్నాయి. ఒక్కో సిమ్యులేషన్‌ను ఉచితంగా దించుకొని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా మామూలు బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఈ చివరి మాటను గుర్తుంచుకోండి, దీనికి మళ్లీ వస్తాను.

అందులో "అణువుల ఆకృతులు" అనే సిమ్యులేషన్ తెరుద్దాం. మధ్యలో ఒక బంతి. దానికి మనం బంధాలు తగిలిస్తూ పోవాలి. రెండు బంధాలు తగిలిస్తే అవి ఒకదానికొకటి ఎదురుగా, సరళరేఖలో, 180 డిగ్రీల దూరంలో నిలబడతాయి. మూడోది తగిలిస్తే మూడూ సర్దుకొని త్రిభుజం అవుతాయి. నాలుగోది తగిలిస్తే కాగితం మీద పట్టని ఆకారం వస్తుంది. ఒకటి పైకి, మూడు కిందికి, కెమెరా స్టాండులాగా. కోణం 109.5 డిగ్రీలు. వేలితో పట్టుకొని ఎటు కావాలంటే అటు తిప్పవచ్చు.

పిల్లలు అడిగే మొదటి ప్రశ్న: "సార్, ఎవరు చెప్పకుండానే అవి ఎందుకు జరుగుతున్నాయి?" పాఠం అక్కడ మొదలవుతుంది. బంధంలో ఉన్నది ఎలక్ట్రాన్ జంట. ఎలక్ట్రాన్లన్నిటికీ రుణావేశం. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. నలుగురు మనుషులు ఒకరితో ఒకరికి పొసగక గదిలో వీలైనంత దూరంగా నిలబడితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఇప్పుడు నీళ్లకు వద్దాం. ఆక్సిజన్ చుట్టూ నాలుగు జంటలున్నాయి. రెండు జంటలకు హైడ్రోజన్లు తగులుకున్నాయి. మిగతా రెండు ఒంటరి జంటలు, కంటికి కనబడవు గానీ చోటు ఆక్రమిస్తాయి. అవి రెండు హైడ్రోజన్లను కాస్త దగ్గరికి నెడతాయి. కోణం 109.5 నుంచి 104.5 డిగ్రీలకు తగ్గుతుంది. నీటి అణువు రైలు పెట్టెల వరస కాదు, వంగిన మోచేయి.

వంగితే ఏమైంది? అంతా అందులోనే ఉంది. వంగి ఉండటం వల్ల ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొంచెం ధనావేశం మిగులుతాయి. ఒక అణువు ధన కొస పక్క అణువు రుణ కొసను పట్టుకుంటుంది. ఈ పట్టు వల్లనే ఇంత చిన్న అణువు మామూలు వేడిలో వాయువై ఎగిరిపోకుండా ద్రవంగా నిలిచింది. గడ్డకట్టేటప్పుడు అణువులు మధ్యలో ఖాళీ ఉంచుకొని కూర్చుంటాయి. కాబట్టే మంచు నీళ్లకంటే తేలిక. షర్బత్ గ్లాసులో మంచుముక్క పైన తేలడానికి కారణం ఆ వంకరే. నీటి అణువు నిటారుగా ఉండి ఉంటే కుందూ నది ఉండేది కాదు, మనమూ ఉండేవాళ్లం కాదు.

ఇది వాక్యంలో చెబితే పిల్ల రాసుకుంటుంది. తెర మీద తిప్పి చూస్తే అర్థం చేసుకుంటుంది. ఆ తేడాకే ఈ యాప్‌ల అవసరం.

రెండో పాఠం: గ్యాస్ పొయ్యి లెక్క

సమీకరణాలు తుల్యం చేయడం అంటే పిల్లలకు గుబులు. ఫెట్‌లో దీనికీ ఒక సిమ్యులేషన్ ఉంది. మీథేన్ మండే చర్య తీసుకుంటే, ఒకవైపు మీథేన్, ఆక్సిజన్ అణువుల బొమ్మలు, మరోవైపు కార్బన్ డయాక్సైడ్, నీటి అణువుల బొమ్మలు. సంఖ్య పెంచుతుంటే బొమ్మలు పెరుగుతాయి. త్రాసు ఒకటి పక్కన ఊగుతుంటుంది. ఒక మీథేన్‌కు రెండు ఆక్సిజన్లు ఇస్తే ఒక కార్బన్ డయాక్సైడ్, రెండు నీటి అణువులు వచ్చి త్రాసు సమంగా నిలుస్తుంది.

ఇక్కడ ఒక మంచి కట్టడి ఉంది. అణువు లోపలి సంఖ్యను మార్చడం కుదరదు, ముందున్న సంఖ్యనే మార్చాలి. నోటుపుస్తకంలో పిల్లలు చేసే పెద్ద తప్పు ఇదే. లెక్క కుదరక నీటి సూత్రంలో ఆక్సిజన్ పక్కన ఒక రెండు చేరుస్తారు. లెక్క కుదురుతుంది గానీ అది నీళ్లు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలు కడగడానికి వాడే మందు. ఒక్క అంకె మారితే తాగే నీళ్లు తాగరానివవుతాయని చెప్పగానే పిల్లలు ఆ తప్పు మళ్లీ చేయరు.

యాప్ అక్కడ ఆపి నోటుపుస్తకం తీయమంటాను. మన వంటగ్యాసులో ఉండేవి ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు. అది పూర్తిగా మండితే మూడు కార్బన్ డయాక్సైడ్లు, నాలుగు నీటి అణువులు రావాలి. కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు ఎన్ని? ఆరూ నాలుగూ పది. అంటే ఐదు ఆక్సిజన్ అణువులు కావాలి. ఒక ప్రొపేన్‌కు ఐదు ఆక్సిజన్లు! తలుపులు, కిటికీలు బిగించిన గదిలో అంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, ప్రాణం తీస్తుంది. స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టి కిటికీ మూయకూడదని చెప్పేది ఈ లెక్కే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఇంట్లో ప్రాణానికి సంబంధించిన మాటవుతుంది.

మూడో పాఠం: పుదీనా, షాజీరా

బిర్యానీ దగ్గరికి వద్దాం. పుదీనా ఆకులకు ఆ వాసననిచ్చే ముఖ్య పదార్థం పేరు కార్వోన్. మన షాజీరాకు దగ్గరి చుట్టమైన కేరవే గింజలకు వాసననిచ్చేది కూడా కార్వోనే. రెండింటిలోనూ పది కార్బన్లు, పద్నాలుగు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. బంధాల వరస కూడా అదే. మరి వాసనలు ఎందుకు వేరు?

మోల్‌వ్యూ అనే ఉచిత వెబ్ యాప్‌లో రెండింటినీ పక్కపక్కన పెట్టి తిప్పి చూడండి. ఒకటి రెండోదానికి అద్దంలోని ప్రతిబింబం. మీ కుడిచేతిని ఎడమచేతి మీద అరచేతులు రెండూ కిందికి ఉండేలా పెట్టండి. బొటనవేళ్లు చెరో వైపు పోతాయి, ఎంత తిప్పినా సరిపోవు. ఈ రెండు అణువులూ అంతే. మన ముక్కులోని గ్రాహకాలు కూడా చేతి తొడుగుల వంటివే. కుడి తొడుగులో ఎడమ చెయ్యి సరిగా దూరదు. అందుకే ఒకటి పుదీనాగా, మరొకటి కేరవేగా తెలుస్తాయి. మందుల తయారీలో ఈ కుడి ఎడమల తేడా చాలా ముఖ్యం. కాగితం మీద ఇది చెప్పి ఒప్పించడం నాకు ముప్పై నిమిషాల పని. తెర మీద మూడు నిమిషాలు.

నాలుగో పాఠం: బేలుం గుహ, బోరు నీళ్ల గిన్నె

ఇది మన జిల్లా పాఠం. కొలిమిగుండ్ల మండలంలోని బేలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నవి. వాటిని తొలిచింది ఉలి కాదు, నీరు. గాలిలో, నేలలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ వాననీటిలో కరిగితే బలహీనమైన కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయిని, అంటే కాల్షియం కార్బొనేట్‌ను, కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారుస్తుంది. యుగాల తరబడి కరిగితే గుహ. పైకప్పు నుంచి కారే చుక్కలో కార్బన్ డయాక్సైడ్ తిరిగి గాలిలోకి పోతే కరిగింది మళ్లీ రాయవుతుంది. గుహలో వేలాడే రాతి ఊడలు అవే.

ఇంట్లోనూ ఒక చిన్న బేలుం ఉంది. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున తెల్లటి పొలుసు చూశారా? అదే చర్య, అదే కాల్షియం కార్బొనేట్. బేతంచెర్ల నాపరాళ్లు, మన చుట్టూ ఉన్న సిమెంటు కర్మాగారాలు, తమలపాకు సున్నం, అన్నీ ఒకే కుటుంబం.

ఫెట్‌లోని పీహెచ్ సిమ్యులేషన్‌లో ఒక పాత్రలో ఆమ్లం పోసి, దానిలో నీళ్లు కలుపుతూ పోవచ్చు. నారింజ రసం, పాలు, రక్తం, సబ్బు నీళ్లు, బ్యాటరీ ఆమ్లం వంటివి వరసగా ఉంటాయి. పీహెచ్ ఒక అంకె మారితే ఆమ్లత్వం పది రెట్లు మారుతుంది. పిల్లలను ముందు ఊహించమనాలి: ఆమ్లంలో నీళ్లు కలుపుతూనే ఉంటే చివరికి క్షారం అవుతుందా? చాలామంది అవుతుందంటారు. కలిపి చూస్తే అంకె పెరుగుతూ 7కు దగ్గరవుతుంది గానీ దాటదు. నీళ్లు ఆమ్లాన్ని పలచన చేస్తాయే తప్ప క్షారాన్ని పుట్టించవు. తమ ఊహ తప్పని తామే కనుక్కున్న పాఠం పిల్లలు మరచిపోరు.

ఆ తర్వాత యాప్ మూసేసి గిన్నె ముందు పెట్టండి. పొలుసు మీద నిమ్మకాయ పిండండి. బుసబుసమని బుడగలు వస్తాయి. ఆ బుడగలే కార్బన్ డయాక్సైడ్. ఈ బుసబుస ఏ యాప్‌లోనూ వినబడదు, ఆ నిమ్మ వాసన ఏ తెరలోనూ రాదు.

అదే సమయంలో ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బాత్రూం కడిగే ఆమ్లాన్ని, బ్లీచింగ్ ద్రావణాన్ని ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇటువంటివి ఎన్నడూ చేసి చూపకూడదు, అణువుల బొమ్మలతో చెప్పాలి. నిమ్మకాయ చేతితో, క్లోరిన్ తెర మీద. ఏది ఎక్కడ నేర్పాలో ఈ ఒక్క మాటలో ఉంది.

బొమ్మ కూడా తప్పు చెప్పగలదు

అణువుల బొమ్మలు కంప్యూటర్‌తో పుట్టలేదు. 1865లో ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ అనే శాస్త్రవేత్త లండన్‌లో ఉపన్యాసమిస్తూ క్రోకే ఆట బంతులకు కడ్డీలు గుచ్చి అణువులు చూపించాడు. కార్బన్‌కు నలుపు, ఆక్సిజన్‌కు ఎరుపు, హైడ్రోజన్‌కు తెలుపు అని నేటి యాప్‌లలో మనం చూసే రంగులు ఆనాటివే. కానీ ఆయన చూపిన మీథేన్ చదునుగా ఉండేది. అది తప్పు. 1874లో వాంట్ హాఫ్ అనే ఇరవై రెండేళ్ల యువకుడు, విడిగా లె బెల్ అనే మరో శాస్త్రవేత్త, కార్బన్ బంధాలు నాలుగు దిక్కులకు చతుర్ముఖి ఆకారంలో చాచుకొని ఉంటాయన్నారు. పెద్దలు కొందరు ఎగతాళి చేశారు. రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో ఆ వాంట్ హాఫ్‌కే వచ్చింది.

అందుకే పిల్లలకు మొదటి రోజే చెప్పాలి. పరమాణువులకు రంగులు లేవు. బంధాలు పుల్లలు కావు. బొమ్మ అణువును గురించి చెప్పే ఒక మాట, అణువే కాదు. ఈ జాగ్రత్త చెప్పే మనిషి యాప్‌లో ఉండడు, పక్కన కూర్చోవాలి.

బొమ్మతో ఆడి శాస్త్రానికి సాయం చేసినవారూ ఉన్నారు. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు 2008లో "ఫోల్డిట్" అనే ఆట విడుదల చేశారు. ప్రొటీన్ అణువును తెర మీద మడవడమే ఆట. కోతుల్లో ఎయిడ్స్ వంటి జబ్బు తెచ్చే వైరస్‌కు చెందిన ఒక ప్రొటీన్ ఆకారం శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి అంతుచిక్కలేదు. దాన్ని 2011లో ఈ ఆటగాళ్లు కొన్ని వారాల్లోనే పట్టిచ్చారు. వారిలో చాలామంది ఆ శాస్త్రం చదివినవారు కారు. ఆ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ బేకర్ 2024లో రసాయన నోబెల్ పంచుకున్నారు.

ఏ యాప్ దేనికి

పై తరగతుల పిల్లలకూ, ఉపాధ్యాయులకూ పనికొచ్చేవి మరికొన్ని చెబుతాను. అన్నీ ఉచితమే.

ఓల్యాబ్స్: కేంద్ర ప్రభుత్వ నిధులతో అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ సంస్థలు రూపొందించినది. 9 నుంచి 12వ తరగతి వరకు పాఠ్య ప్రయోగాలు తెర మీద చేయవచ్చు. ఇంటర్ ప్రాక్టికల్స్‌కు ముందు అనుమాపనం క్రమం తెలుసుకోవడానికి చాలా మంచిది. బ్యూరెట్ పట్టుకోకముందే ఏది తర్వాత ఏదో తెలుస్తుంది.

పబ్‌కెమ్: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2004 నుంచి నడుపుతున్న సమాచార నిధి. 10 కోట్లకు పైగా పదార్థాల వివరాలున్నాయి. ఇంట్లో మాత్రల అట్ట మీద ఉన్న మందు పేరు కొడితే దాని అణువు ఆకారం వస్తుంది. పారాసెటమాల్‌తో మొదలుపెట్టండి.

అవొగాడ్రో: కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్. పిల్లలు తామే అణువును కట్టి తిప్పి చూడవచ్చు. డిగ్రీ వరకు పనికొస్తుంది.

భాష విషయం కూడా చూడాలి. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఫెట్ సిమ్యులేషన్లు వందకు పైగా భాషల్లోకి వెళ్లాయి, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. లేనిచోట బొమ్మే మాట్లాడుతుంది, మిగతాది టీచరమ్మ ఏ భాషలో చెబితే పిల్లకు అందుతుందో ఆ భాషలో చెప్పాలి. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైనప్పుడు, సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి తేవడానికి ప్రత్యేకంగా ఒక అనువాద విభాగమే పనిచేసింది. తల్లిభాషలో సైన్సు చెప్పడం చిన్నతనం కాదని మన పెద్దలకు తెలుసు.

పెద్దల మాట వచ్చింది కాబట్టి ఒక నిజం. జాబిర్ ఇబ్న్ హయ్యాన్, అల్ రాజీ వంటివారు వెయ్యేళ్ల కిందటే బట్టీలు పెట్టి పదార్థాలను వడగట్టారు. కెమిస్ట్రీ, ఆల్కలీ అన్న మాటలు అరబ్బీ నుంచి యూరపు భాషల్లోకి వెళ్లినవి. ఈ సంగతి ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. కానీ తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అంటే ఎవరు చూస్తారు? మన వీధిలో పదో తరగతి పిల్ల నీటి అణువును గీయగలదా లేదా అన్నదే నేటి లెక్క.

రూపాయి ఎక్కడ పెట్టాలి

2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం సర్కారు బడుల 8వ తరగతి పిల్లలకు పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. తర్వాత చాలా బడుల్లో తరగతి గదికి పెద్ద తెరలు వచ్చాయి. అంటే పరికరం అసలే లేని రోజులు కావివి. లేనిదేమిటంటే పక్కన కూర్చునే మనిషి, సాయంత్రం కూర్చునే చోటు, చేతితో చేసే ప్రయోగం.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను, ఊరూ పేరూ వద్దు. ఒక చోట దాతలు ఎంతో ప్రేమతో ట్యాబులిచ్చారు. సభ, శాలువాలు, ఫొటోలు అయ్యాయి. ఏడాది తర్వాత వెళితే సగం బీరువాలో ఉన్నాయి, చార్జరు లేక కొన్ని, తాళంచెవి ఉన్నాయన రాక కొన్ని. మిగతావి అన్నల చేతుల్లో ఆటలాడుతున్నాయి. ఆ అమ్మాయిలకు చెందాల్సినవి వాళ్లకు చేరనే లేదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. చాలా ఇళ్లలో ఫోను నాన్నది లేదా అన్నది. పిల్ల చేతికి ఇవ్వడానికి తల్లిదండ్రులు జంకుతారు. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ దానికి మందు ఫోను మానేయడం కాదు. ఇంటర్నెట్ లేకుండా పెన్‌డ్రైవ్‌లోంచి నడిచే పాఠాలు, ఒక టీచరమ్మ, ఒక గది ఉంటే ఏ తల్లికీ అభ్యంతరం ఉండదు. మొదట చెప్పి గుర్తుంచుకోమన్న మాట ఇందుకే.

కాబట్టి నా సూచన ఈ వరసలో:

1. ముందు టీచరమ్మకు గౌరవ వేతనం. బీఎస్సీ చదివి ఇంట్లో ఉన్న మన అమ్మాయిలు ప్రతి పేటలోనూ ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు, ఏడాది పొడవునా. ఒక సిమ్యులేషన్‌ను ముందుగా తాను ఆడి, మూడు ప్రశ్నలు రాసుకొని రావాలి.

2. తర్వాత ప్రయోగ పెట్టె. లిట్మస్ కాగితాలు, వంట సోడా, వెనిగర్, సున్నం, పరీక్షనాళికలు, ఒక బంతులు-పుల్లల నమూనా పెట్టె. నమూనా కొనలేకపోతే గోధుమపిండి ఉండలు, అగ్గిపుల్లలు చాలు.

3. ఆ తర్వాత ఒక పాత ల్యాప్‌టాప్, దాన్ని తగిలించడానికి ఒక టీవీ. ఇరవై మందికి ఒక తెర సరిపోతుంది. అందరూ కలిసి ఊహించి, వాదించుకొని, ఒకరు వచ్చి తిప్పి చూపితేనే పాఠం నిలుస్తుంది. తలా ఒక తెర ఉంటే ఎవరి మౌనం వారిది.

4. చివరగా లెక్క. ఏడాది మొదట్లో, చివర్లో పది చిన్న ప్రశ్నలు. నీటి అణువును గీయండి, ప్రొపేన్ సమీకరణం తుల్యం చేయండి వంటివి. ఎంతమంది మెరుగయ్యారో దాతలకు చూపాలి. ఫొటోలు కాదు, ఈ కాగితాలు అడగండి. అడగడం మీ హక్కు.

నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య దూరం సుమారు నలభై కిలోమీటర్లు. ఒకే పెట్టె రెండు ఊళ్ల మధ్య వారం మార్చి వారం తిరగవచ్చు. ఆళ్లగడ్డలో శిల్పులు రాతిని చెక్కుతుంటే నిలబడి చూసే పిల్లలున్నారు. ఉలి తగలకముందే రాతిలో ఆకారం చూసే కన్ను శిల్పికి ఉంటుంది. సూత్రంలో ఆకారం చూసే కన్నును ఆ పిల్లలకు ఇవ్వడమే మనం చేయవలసింది.

గ్రంథాలయంలోని బొమ్మ

ముగించే ముందు ఒక్క జీవితం చెబుతాను. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో 1965లో ఒక పాలస్తీనా శరణార్థి కుటుంబంలో ఒమర్ యాఘీ పుట్టారు. పెద్ద కుటుంబం, ఒకే గది, అందులోనే పశువులు కూడా. పదేళ్ల వయసులో ఒకరోజు బడి గ్రంథాలయంలోకి దూరి ఒక పుస్తకం తెరిస్తే అందులో బంతులూ పుల్లల బొమ్మలు కనిపించాయి. అవి అణువులని ఆయనకు అప్పటికి తెలియదు, వాటి అందానికి కట్టుబడిపోయారు. పదిహేనేళ్లకు అమెరికా వెళ్లి రసాయన శాస్త్రం చదివారు. లోహ పరమాణువులనూ, కర్బన అణువులనూ కలిపి, లోపల గదులు గదులుగా ఖాళీ ఉండే పదార్థాలను కట్టారు. వాటిలో కొన్ని ఎడారి గాలిలోంచి తేమను పట్టి నీళ్లిస్తాయి. 2025లో సుసుము కిటగావా, రిచర్డ్ రాబ్సన్‌లతో కలిసి రసాయన నోబెల్ అందుకున్నారు.

దీన్ని రెండుసార్లు చదవండి దాతలారా. ఆ పిల్లవాడికి ఎవరూ ట్యాబు ఇవ్వలేదు. బడి గ్రంథాలయంలో ఒక పుస్తకం ఉంది. అందులోని బొమ్మ ఒక పిల్లవాడి కంట పడింది. ఈనాడు అదే బొమ్మ తెర మీద తిరుగుతుంది, ఖరీదు కూడా లేదు. మన పని పిల్లను దాని ముందు కూర్చోబెట్టడం, పక్కన ఒక మనిషిని ఉంచడం.

వానలు ముఖం చాటేసే మన రాయలసీమలో గాలిలోంచి నీళ్లు తీసే పదార్థాన్ని తర్వాత ఎవరు మెరుగుపరుస్తారో ఎవరు చెప్పగలరు? ఆ పిల్ల ఈ సాయంత్రం మన పేటలోనే, నీటి సూత్రం బట్టీ పడుతూ ఉండవచ్చు.